పెంకుటింటికి గాలి బిగింపు

కోనసీమలోను కృష్ణా డెల్టాలోను పాత పెంకుటిండ్లను బాగుచేయించుకొనుచున్న గృహస్థుల చెవిని ఇటీవల ఒక మాట పదే పదే పడుచున్నది: పెంకుల సందులన్నియు ఫోముతోనో సిమెంటుతోనో పూడ్చి పైకప్పును గాలి చొరకుండ బిగించినచో ఇల్లు చల్లబడునట, కరెంటు ఖర్చు సగమగునట, వాన కారదట. తాత ముత్తాతల నాటినుండి చెక్కుచెదరక నిలిచిన తాటివాసములు ఈ మాట నమ్మినవారి ఇండ్లలో కొద్ది వానకాలములకే పుచ్చిపోవుచుండగా మిన్నకుండుట తగదు.

1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కార్ఖానా నెలకొల్పిన పిమ్మట మన తీరమునకును వ్యాపించిన మంగుళూరు పెంకు, పక్కదానితో అంచు కలుపుకొని వానను దింపునే గాని గాలిని అడ్డగింపదు. అది లోపము కాదు, ఆ కప్పునకు ఆయువుపట్టు. కాల్చిన మట్టి వాననీటిని కొంత పీల్చుకొని, మరునాటి ఎండకును అడుగున ఆడు గాలికిని ఆరిపోవును. అడుగున ఫోము పట్టించినచో ఆ తడి పోవుదారి లేక పెండెబద్దలలోను వాసములలోను నిలిచిపోవును. కొయ్యలో తేమ 20 శాతమునకు లోబడియున్నంతవరకు దానిని తినెడి బూజు తలయెత్తజాలదు. ఆ మేర దాటించి, పైన మూతపెట్టి, కంటికి కనబడకుండ దాచుటయే ఈ బిగింపు చేయు పని.

ఫోము వేడిని కొంత ఆపును, ఏసీ గదికి గాలిబిగింపు అవసరమే. ఇంతమట్టుకు ఒప్పుకొనక తప్పదు. అయితే జర్మనీ, కెనడా వంటి చలిదేశములలో వెచ్చని తేమగాలి లోపలినుండి వెలికిపోవుచు చల్లని కప్పునకు తగిలి నీరగును గనుక, వారు ప్లాస్టిక్ పొరను గదివైపున పరతురు. మనకు తేమ బయట, చలువ లోపల. 35 డిగ్రీల వేడి, 60 శాతము తేమ గల గాలి ఇంచుమించు 26 డిగ్రీలకు చల్లబడగనే నీటిబొట్లను విడుచును. 24 డిగ్రీలకు ఏసీ పెట్టిన గది కప్పున ఆ చలిదేశముల పద్ధతినే పొర పరచినచో, అటకగాలి దాని వీపున చెమర్చును. అట్టి ఫాల్సు సీలింగు పలక నొకదానిని విప్పి చేయి పెట్టి చూడుడు: గాజుదూది తడిసి బరువెక్కియుండును, చీలల చుట్టు కొయ్య నల్లబడియుండును.

ఇక వినబడు మరికొన్ని మాటలు: తెల్లసున్నము వేసిన కప్పు చల్లబడదనుట అసత్యము; తెలుపు ఎండను తిప్పికొట్టును, తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును వెలువరించినది అందులకే. టేకు ఎన్నడును చెడదనుట చేవకు చెల్లును గాని పైనుండు తెల్లకొయ్యకు చెల్లదు. సందులలో ఎలుకలు దూరునందురా, సన్నని ఇనుపవల చాలును.

కావున బిగింపవలసినది చలువ చేసికొను గదిని, పెంకును గాదు. సీలింగు అంచులను, లైటుతీగల రంధ్రములను, ఏసీ గొట్టము గోడలో దూరినచోటును పూడ్పింపుడు. వేడినాపు దళసరి పొరను సీలింగుపై పరపించి, దాని రేకుముఖమును అటకవైపునకు త్రిప్పి అతుకులు టేపుతో మూయింపుడు. చూరునను కొప్పునను గాలిదారి విడువుడు. పగిలిన పెంకును మార్పింపుడు. సిమెంటుతో అతికినచో రేపు దానిని విప్పబోవునపుడు పక్కపెంకు కూడ పగులును. ఇప్పటికే ఫోము కొట్టించినవారు వానలు వెనుకబట్టగనే చూరుదగ్గరి వాసపు కొనను చీలతో గ్రుచ్చి చూడుడు. మెత్తగ దిగినచో వడ్రంగిని పిలిచి ముందుగ ఆ మేర ఫోమును గీకింపుడు, అంతేగాని రంగు వేయించి దాచకుడు.