గోడలో యూఎస్‌బీ సాకెట్ పెట్టిస్తున్నారా? ముందు ఇది చూడండి

ఈమధ్య మా ఇంట్లో స్విచ్‌బోర్డుకి యూఎస్‌బీ సాకెట్ పెట్టించాను. అడాప్టర్ గోల వదిలిందనుకున్నా. తీరా చూస్తే గంటలో ఫుల్ అయ్యే ఫోన్‌కి మూడు గంటలు పట్టింది! ఎందుకో చెప్తా.

గోడలోకి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. ఫోన్‌కి మామూలుగా 5 వోల్టుల డీసీ కావాలి. దాన్ని మార్చే సర్క్యూట్ సాకెట్ వెనకాలే, మూసేసిన బాక్సులో ఉంటుంది. అక్కడ వేడి త్వరగా బయటికి పోదు. అందుకే చాలా మోడల్స్‌లో పవర్ తక్కువే ఇస్తారు.

నా సాకెట్ మీద 2.1 ఆంప్స్ అని ఉంది. 5 వోల్టులతో గుణిస్తే 10.5 వాట్లే. పైగా అది రెండు పోర్టులకీ కలిపి! తమ్ముడి ఫోన్ కూడా పెడితే చెరి సగం.

అందుకే కొనేముందు టోటల్ అవుట్‌పుట్ చదవండి. రాత్రంతా ఫోన్ పెట్టే బెడ్‌రూమ్‌కి 10 వాట్లు చాలు. కస్టమర్ పావుగంట కూర్చునే షాపులో అయితే టైప్-సీ, పీడీ సపోర్ట్ ఉన్నదే తీసుకోండి. పక్కన మామూలు త్రీ-పిన్ సాకెట్ మాత్రం తీసేయించకండి. రేపు ఫోన్ మారితే అడాప్టర్ మార్చుకుంటే సరిపోతుంది, గోడ విప్పక్కర్లేదు.

బిగించే పని మాత్రం మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.