వేగానికీ ఒక గిరి ఉండాలి



కాలేజీ మెట్లెక్కగానే మన ఇళ్లల్లో పిల్లలు మొదట అడిగేది మోటార్ సైకిలు. మగపిల్లలే కాదు, ఇప్పుడు ఆడపిల్లలూ అడుగుతున్నారు, సంతోషమే. కొనిచ్చిన రోజున టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ మరునాటి నుంచీ పొద్దుగూకితే గుమ్మంలో నిలబడి వీధి చివరకు చూడడమే మన పని. "మెల్లగా తోలు నాయనా" అంటే వింటారా? అందుకే ఈవేళ మెల్లగా తోలడం గురించి కాదు, వేగంగా తోలడం గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. వేగమే బతుకుగా బతికినవాళ్లు దానికి ఎన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారో తెలిస్తే, పిల్లలకు చెప్పడానికి మనకూ ఒక మాట దొరుకుతుంది.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు బాట ఉంది. ఆ కరి ఎవరో తర్వాత చెబుతాను. ముందు స్పీడ్‌వే అన్న మాట సంగతి చూద్దాం.

ఇంగ్లండులో స్పీడ్‌వే అంటే మట్టి బాట మీద ఆడే మోటార్ సైకిళ్ల పందెం. దానికి మొదట పేరు తెచ్చినవాడు జానీ హాస్కిన్స్. ఆస్ట్రేలియాలో మెయిట్‌లాండ్ అనే ఊళ్లో వ్యవసాయ ప్రదర్శనకు ఆయన కార్యదర్శి. 1923లో రాత్రిపూట విద్యుద్దీపాల వెలుగులో అక్కడ ఈ పందెం పెట్టించాడు. సంక్రాంతికి మన చంద్రగిరి వైపు పశువుల పండక్కి జనం విరగబడినట్టే అక్కడా విరగబడ్డారు. అక్కడి నుంచి ఆట ఇంగ్లండు చేరింది. 1928 ఫిబ్రవరి 19న లండను శివార్లలో, ఎపింగ్ అడవిలోని హై బీచ్ అనే చోట జరిగిన పందేనికి నిర్వాహకులు అనుకున్నదానికి ఎన్నో రెట్లు జనం వచ్చారు. కొద్ది కాలంలోనే ఊరూరా స్పీడ్‌వే మైదానాలు వెలిశాయి.

ఆట తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. కోడిగుడ్డు ఆకారంలో బాట. ఒకసారికి నలుగురే రైడర్లు, నాలుగే చుట్లు. మనం గుడి చుట్టూ చేసే ప్రదక్షిణకు ఎదురు దిక్కున తిరుగుతారు. ఒక నిమిషం, కాస్త అటూ ఇటూ, అంతే, పందెం అయిపోతుంది. మొదటివాడికి 3 మార్కులు, రెండోవాడికి 2, మూడోవాడికి 1, చివరివాడికి సున్న. బండికి ఒకటే గేరు. పెట్రోలు కాదు, మిథనాల్ పోస్తారు. అన్నిటికన్నా వింత, బండికి బ్రేకులు ఉండవు! ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనకవాళ్లంతా వాడి మీద పడతారు కదా, అందుకని. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే మట్టిలో జారనిస్తారు. ఎడమకాలి బూటుకు ఇనుప తొడుగు వేసుకుని, ఆ కాలు నేలకు ఆనించి సమతూకం నిలుపుకుంటారు.

ఇంత తెగింపు ఆటకు కట్టుబాట్లూ అంతే గట్టివి. బండి నుంచి ఒక తాడు రైడరు చేతికి కట్టి ఉంటుంది. అతను పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. తలకు హెల్మెట్ తప్పనిసరి. పెద్ద పందేల్లో ఇప్పుడు మలుపుల దగ్గర గాలి నింపిన పరుపుల్లాంటి కంచె కడుతున్నారు. డాక్టరూ, అంబులెన్సూ సిద్ధంగా ఉంటే తప్ప పందెం మొదలుకాదు.

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. పీటర్ క్రేవెన్ అనే ఇంగ్లీషు రైడరు 1955లోనూ 1962లోనూ ప్రపంచ విజేత. 1963 సెప్టెంబరులో ఎడిన్‌బరోలో పందెం చేస్తుండగా, ముందు పడిపోయినవాణ్ణి తొక్కకుండా పక్కకు తప్పుకోబోయి కంచెకు గుద్దుకున్నాడు. నాలుగు రోజులకు ప్రాణం పోయింది. వయసు 29 ఏళ్లు. అంత చేయి తిరిగినవాడికే వేగం కన్ను మూసి తెరిచేంత వ్యవధి ఇవ్వలేదు. దెబ్బలు తిన్న పాత రైడర్లను ఆదుకోవడానికి ఇంగ్లండులో ప్రత్యేకంగా ఒక సహాయ నిధే ఉంది.

ఆడవాళ్ల సంగతి అంటారా? మొదటి రోజుల్లో వాళ్లూ దిగారు. ఐర్లండుకు చెందిన ఫే టేలర్, యార్క్‌షైరుకు చెందిన ఈవా ఆస్క్విత్ మగవాళ్లతో సమానంగా పందెం చేసి జనాన్ని మెప్పించారు. ఫే టేలర్ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దాకా వెళ్లి గెలిచింది. అయినా 1930లో బ్రిటన్‌లో ఆడవాళ్లు ఈ పందెంలో పాల్గొనకూడదని నిషేధించారు. ప్రమాదమట! మగవాళ్లు రోజూ పడుతూనే ఉన్నారు, వాళ్లను మాత్రం ఎవరూ ఇంట్లో కూర్చోమనలేదు. ఫే టేలర్ ఊరుకోలేదు, కార్ల పందేలకు మళ్లి అక్కడా పేరు తెచ్చుకుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మద్రాసుకు ఉత్తరాన, కలకత్తా రోడ్డు పక్కన షోలవరం ఉంది కదా. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ మిగిలిపోయింది. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడ్డాక, కొన్ని దశాబ్దాలపాటు దాని మీదే కార్లూ మోటార్ సైకిళ్లూ పందెం కట్టాయి. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్, 1961 నుంచి మైసూరులో తయారైన జావా మనం వీధుల్లో చూసి ఎరిగినవే. ఆ జావా అసలు చెకోస్లవేకియా కంపెనీది. ఇంగ్లండు స్పీడ్‌వేలో ఎందరో విజేతలు నడిపిందీ ఆ కంపెనీ బండ్లనే.

షోలవరంలో పేరు తెచ్చుకున్నవారిలో ఒకరు కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబంవారు. తరాల కిందట అక్కడికి వలసపోయి, ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల సంతతి అది. 1954లో పుట్టిన కరివర్ధన్ తాను గెలవడంతో తృప్తి పడలేదు. విదేశీ కారు కొనగల శ్రీమంతులకే పందెం పరిమితమైతే చేయి ఉన్న కుర్రవాడికి దారేదీ అని ఆలోచించారు. మన మారుతి 800 ఇంజను పెట్టి, ఒకే మనిషి కూర్చునే పందెపు కారు తయారుచేశారు. 1988లో ఫార్ములా మారుతి పందేలు మొదలయ్యాయి. అందరికీ ఒకే రకం కారు కాబట్టి డబ్బు కాదు, నేర్పే గెలుస్తుంది. ఆ కార్లలో తొలి పాఠాలు నేర్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. అది చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో చిన్న విమానం కూలి మరణించారు. చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల తారు బాటకు ఆయన పేరే పెట్టారు. షోలవరం పందేలు ఆగిపోయి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త బాట వచ్చింది. చిత్తూరు నుంచి మద్రాసు వెళ్లే బస్సులో శ్రీపెరుంబుదూరు దాటాక వచ్చే ఊరే అది.

ఇప్పుడు ఆలోచించండి. పందెపు బాట మీద ఎదురుబండి రాదు, ఆవు అడ్డం రాదు. మన పుత్తూరు రోడ్డు మీదో? పెరటాశి నెలలో పసుపు బట్టలతో కొండకు నడిచిపోయే భక్తులుంటారు, పాలవాళ్లుంటారు, బడిపిల్లలుంటారు. తిరుమల ఘాట్ రోడ్డులో పెట్టిన సమయం కన్నా ముందే చేరుకుంటే నిలదీసేది అందుకే కదా. చట్టమూ కఠినంగానే ఉంది. 2019 సవరణ ప్రకారం మైనరు బిడ్డ బండి తోలి తప్పు చేస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకూ జైలు పడవచ్చు.

బిడ్డకు వేగం మీద మోజు ఉంటే తిట్టి లాభం లేదు. ఒకసారి ఇరుంగాట్టుకోట్టైకి తీసుకుపోయి పందెం చూపించండి. అక్కడ గెలిచేవాడు హెల్మెట్ పట్టీ బిగించనిదే బండి ఎక్కడని వాడి కళ్లతో వాణ్ణే చూడనివ్వండి. ఆ ముచ్చట తీర్చుకోవడానికి వేరే చోటు ఉందనీ, మన వీధి ఆ చోటు కాదనీ అప్పుడు చెప్పండి. ఆ మాట కొడుక్కే కాదు, కూతురికీ చెప్పండి. బండి మాత్రం ఇద్దరికీ ఇవ్వండి.