'ఆవు – దూడ' పాఠం చెప్పేముందు

దోహాలో పెరిగే మన పిల్లలకి పాలంటే బలద్నా సీసా. పాఠం అక్కడినుంచే మొదలుపెట్టండి. 2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూసేశాక అటునుంచి వచ్చే పాలు ఆగిపోయాయి. జులైలో విమానాల్లో ఆవుల్ని దింపారు. అల్ ఖోర్ వైపున్న ఆ ఫారంలో ఇప్పుడు వేల ఆవులున్నాయి. ఆవులు విమానమెక్కిన కథ పిల్లలకి భలే నచ్చుతుంది. ఆ వెనకే ఎవరో ఒకరు అడుగుతారు: "మనమే తాగేస్తే మరి దూడకి?" దాటవేయకండి.

ఆవు ఈనగానే వచ్చే చిక్కటి పాలు ముర్రుపాలు. (జున్ను వీటిదే, ఆ మాట చాలామందికి తెలిసే ఉంటుంది.) పుట్టిన దూడకి రోగాన్ని తట్టుకునే శక్తి ఈ పాలతోనే రావాలి. పేగులు దాన్ని పీల్చుకునేది మొదటిరోజే, అందులోనూ తొలి గంటల్లోనే ఎక్కువ. మాయ పడేదాకా తాగనివ్వకూడదని మన ఊళ్లలో కొందరు ఆపుతారు. పశువైద్యులు వద్దనేది అందుకే.

ఊళ్లో దూడని ముందు వదులుతారు. అది పొదుగు కుమ్మితే తల్లి పాలు చేపుతుంది. అప్పుడు దూడని పక్కన కట్టేసి పితుకుతారు. పెద్ద డెయిరీల్లో సాధారణంగా పుట్టిన కొన్ని గంటలకే దూడని వేరుచేసి సీసాతోనో బకెట్టుతోనో పాలు పడతారు. ఏ దూడ ఎంత తాగిందో తెలుస్తుంది, తల్లినుంచి రోగాలు అంటడం తగ్గుతుంది. వేరుచేస్తే తల్లీ దూడా అరుస్తాయా అని అడిగితే, అరుస్తాయనే చెప్పండి. ఆలస్యంగా వేరుచేస్తే ఇంకా ఎక్కువ అరుస్తాయి.

ఇక పాలు మాన్పించడం. దీనికి వయసొక్కటే లెక్క కాదు. దూడ పొట్టకి నాలుగు అరలు. తాగిన పాలు మొదటి అరని తప్పించుకుని నేరుగా నాలుగోదానికి పోతాయి. దాణా తింటేనే మొదటి అర ఎదుగుతుంది, దూడ సరిగా నెమరేస్తుంది. అందుకే మొదటి వారంనుంచే గుప్పెడు దాణా, మంచినీళ్లు పెడతారు. చాలా డెయిరీల్లో ఎనిమిది వారాల ప్రాంతంలో, వరసగా మూడు రోజులు కిలో చొప్పున దాణా తింటే, పాలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఒక్కసారిగా ఆపితే దూడ చిక్కిపోతుంది.

పెయ్యదూడకి దొరికే శ్రద్ధ కోడెదూడకి ఊళ్లోనూ తక్కువే, డెయిరీలోనూ తక్కువే. ఆ సంగతి పెద్ద తరగతికి ఉంచండి.

బోర్డు మీద రాయాల్సినవి: ఈనడం, ముర్రుపాలు, చేపడం, పెయ్య, కోడె, నెమరు. ఇంటిపనిగా అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, దూడ మూతికి చిక్కం ఎందుకు కట్టేవారో అడిగి రమ్మనండి.