వచ్చి పోయినదని విడిచిపెట్టవద్దు

చేయి పట్టు తప్పుతుంది, మూతి వంకర పోతుంది, మాట ముద్దగా వస్తుంది. పావుగంటలో అంతా సర్దుకొంటుంది. "గండము గడిచింది" అని ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. చిక్కడపల్లి, నారాయణగూడ ఇండ్లలోను, పల్లెలలోను మేము ఈ మాట వింటూనే ఉన్నాము. కొన్ని నెలల తరువాత అదే ఇంటిలో మరొక మాట: "నాన్నగారు మునుపటిలా లేరు. లెక్క తేలదు, మాత్రలు మరచిపోతారు, ఏమడిగినా ఆలస్యముగా పలుకుతారు." ఈ రెండింటికి సంబంధము ఉండవచ్చునని చాలామందికి తెలియదు.

మెదడుకు కొద్దిసేపు రక్తము అందక వచ్చే ఈ ఇబ్బందిని మినీ స్ట్రోక్ అంటారు. మెదడులో ఒక భాగము నుండి మరొక భాగమునకు కబురు మోసే సన్నని తీగలున్నాయి. వాటిపైనున్న కొవ్వు పొర వలన ఆ భాగము తెల్లగా ఉంటుంది. ఏండ్ల తరబడి అదుపు లేని రక్తపోటు, మధుమేహము, పొగాకు చిన్న రక్తనాళములను పాడుచేస్తే ఈ తీగలు దెబ్బతింటాయి. ఎం.ఆర్.ఐ. స్కానులో అవి మచ్చలుగా కనబడతాయి. అప్పుడు ఆలోచన, నడక నెమ్మదిస్తాయి. అది బద్ధకము కాదు, మొండితనము కాదు.

మన హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో పక్షవాతము వచ్చిన 608 మందిని డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము పరిశీలించి, 2016లో ఫలితములు ప్రకటించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో నూటికి 40 మందికి తెలివితేటలు చెదరలేదు. ఒకే భాష మాట్లాడేవారిలో నూటికి 20 మందికే అలా నిలిచాయి. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన మన వీధులలో ఇది ఆలోచించదగిన సంగతి. అయితే భాషలు మందుకు బదులు కావు. పని కల్పించిన మెదడు దెబ్బను కొంత తట్టుకొనగలదని మాత్రము దీనివలన తోస్తుంది.

కాబట్టి ప్రియ పాఠకులారా, లక్షణములు పోయినా ఆగవద్దు. పెద్ద పక్షవాతము వచ్చే ప్రమాదము మొదటి రెండు రోజులలోనే ఎక్కువ. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. బాగున్నదని రక్తపోటు మాత్రలు మానవద్దు. పొగాకు విడిచిపెట్టించండి. మతిమరుపు కనబడితే వైద్యునికి తప్పక చెప్పండి.

ఇంటిలో పెద్దవారిని మూలన కూర్చోబెట్టవద్దు. రోజూ కొంత నడిపించండి, చదివించండి, పాడించండి, పాత సంగతులు చెప్పించండి. మరచిపోయినందుకు పిల్లల యెదుట గద్దించవద్దు. మనకు మాటలు నేర్పినప్పుడు వారు ఒకే మాటను ఎన్నిసార్లు చెప్పారో! ఇప్పుడు రెండవసారి చెప్పుట మన వంతు.