శిష్యుడి వేషం వేస్తే విద్య వస్తుందా?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేట ఉంది. పేరు వినగానే వాహనాల రద్దీ గుర్తొస్తుంది కానీ, రైల్వే భాషలో ట్రాఫిక్ అంటే బండ్ల రాకపోకలు చూసే విభాగం. ఇది రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు కుటుంబాలెన్నో పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. అందుకే ఈ ఊరి వీధుల్లో తెలుగు వినిపిస్తే ఎవరూ వింతగా చూడరు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తాత రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, ఫిట్టర్‌గా పదవీ విరమణ చేశాడు. కాలేజీలో చదివే మనవరాలు రాత్రి భోజనమయ్యాక ఫోన్ పట్టుకుని ఎవరికో "మాస్టర్, మీరిచ్చిన పని పూర్తి చేశాను" అని రాస్తోంది. తాతకు ఆసక్తి కలిగింది. "ఎవరమ్మా ఆ గురువు? నీకేం నేర్పుతాడు?" అని అడిగాడు. "నిజం గురువు కాదు తాతా, ఆట. నేను శిష్యురాలిని, ఆయన జెడై గురువు" అంది ఆ అమ్మాయి.

తాత ప్రశ్న తేలికైనది కాదు. గురువూ నిజం కాదు, విద్యా నిజం కాదు. అలాంటప్పుడు ఈ ఆటలో నేర్చుకునేది ఏమైనా ఉందా? నేర్చుకోవడం గురించి శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలు దీనికి ఆసక్తికరమైన సమాధానం ఇస్తున్నాయి. అందులో సగం మనవరాలి ఆటలో ఉంటే, మిగతా సగం తాత పనిచేసిన వర్క్‌షాపులో ఉంది.

ఆట ఎలా సాగుతుంది?

1977లో విడుదలైన స్టార్ వార్స్ సినిమా జెడై అనే యోధుల పరంపరను పరిచయం చేసింది. జెడై విద్య బడిలో నేర్చుకునేది కాదు. ఒక గురువు దగ్గర ఒక శిష్యుడు ఏళ్ల తరబడి ఉండి నేర్చుకోవాలి. ఆ శిష్యుడిని 'పదవాన్' అంటారు. 1999లో వచ్చిన చిత్రంతో ఈ మాట అభిమానుల నోళ్లలో బాగా నానింది.

కంప్యూటర్ల మీద ఇలాంటి పాత్రధారణ అంతకుముందే మొదలైంది. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మడ్ అనే ఆట తయారైంది. అందులో బొమ్మలు ఉండవు, అంతా అక్షరాలే. ఒకే సమయంలో పలువురు ఆడవచ్చు. కొత్తగా వచ్చినవారు 'నోవిస్' అనే అట్టడుగు మెట్టు మీద నిలబడి, పైనున్న 'విజర్డ్' హోదా దాకా ఎక్కాలి. అంటే అనుభవం లేనివాడు, ఆరితేరినవాడు అనే మెట్లు మొదటి నుంచీ ఉన్నాయి.

నేటి సైన్స్ ఫిక్షన్ అభిమానుల ఆట కూడా దాదాపు ఇంతే. ఒకరు గురువుగా ఒక సన్నివేశం రాసి పని అప్పగిస్తారు. మరొకరు శిష్యుడిగా దానికి జవాబు రాస్తారు. శిష్యుడు తప్పటడుగు వేస్తే గురువు సరదాగా మందలిస్తాడు. చేతిలో కాంతి ఖడ్గం లేదని ఇద్దరికీ తెలుసు, అయినా ఉన్నట్టే నడుచుకుంటారు.

'ఇది ఆట' అన్న ఎరుక ఇక్కడ కీలకం. మానవశాస్త్రవేత్త గ్రెగరీ బేట్‌సన్ జంతు ప్రదర్శనశాలలో రెండు కోతిపిల్లలు పోట్లాట ఆడుకోవడం చూశారు. కరిచినట్టు చేస్తాయి కానీ కరవవు. 'ఇది నిజం కాదు' అనే సంకేతం వాటి మధ్య నడుస్తూ ఉండాలని, ఆ సంకేతం లేకపోతే ఆట సాధ్యం కాదని ఆయన 1955లో వివరించారు. గురుశిష్యుల ఆటకూ ఇదే పునాది. ఆటలోని గురువుకు నిజ జీవితంలో ఆజ్ఞాపించే అధికారం లేదు. ఆట పేరుతో ఎవరైనా ఫొటోలు, డబ్బు, వ్యక్తిగత వివరాలు అడిగితే అది ఆట హద్దు దాటినట్టే. పిల్లలు ఆడుతున్నప్పుడు పెద్దలు గమనించాల్సింది ఈ హద్దునే.

వేషం ముందు, నేర్పు తర్వాత

వేషం వేసుకుంటే మనిషి నడత మారుతుందా? దీన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటి 2017లో ప్రచురితమైంది. రేచల్ వైట్, ఆమె సహచరులు 4, 6 ఏళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే ఒక పని ఇచ్చారు. పక్కనే ఐప్యాడ్‌లో సరదా ఆట పెట్టారు. కావాలంటే పని ఆపి ఆడుకోవచ్చు. కొందరు పిల్లలు తమ గురించి మామూలుగా ఆలోచించుకోవాలి. కొందరు తమను తాము పేరుతో పిలుచుకుంటూ ఆలోచించాలి. మిగతావారు బ్యాట్‌మన్ లాంటి తమకు నచ్చిన పాత్రగా మారిపోవాలి. అందరికంటే ఎక్కువసేపు పనిని అంటిపెట్టుకున్నది పాత్ర వేసిన పిల్లలే. పిల్లల మీద చేసిన ప్రయోగాన్ని పెద్దలకు యథాతథంగా అన్వయించలేం. కానీ పాత్ర వల్ల మనకూ, మన విసుగుకూ మధ్య కాస్త దూరం ఏర్పడుతుందన్న ఆలోచనకు ఇది బలమిస్తోంది. ఆటలో పిల్లవాడు తన వయసు కంటే పెద్దగా ప్రవర్తిస్తాడని రష్యన్ మనోవిజ్ఞాని లెవ్ వైగోట్‌స్కీ 1930ల్లోనే అన్నారు.

గురువు పాత్ర వేసినవారికీ లాభం ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ చేజ్ బృందం 2009లో ఎనిమిదో తరగతి విద్యార్థులపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. కొందరికి 'ఈ జీవశాస్త్ర పాఠం మీ కోసం నేర్చుకోండి' అని చెప్పారు. మరికొందరికి కంప్యూటర్ తెరపై ఒక బొమ్మ శిష్యుడిని ఇచ్చి 'దీనికి నేర్పండి' అన్నారు. శిష్యుడు ఉత్త బొమ్మ అని తెలిసినా, నేర్పే పాత్రలో ఉన్నవారే పాఠం మీద ఎక్కువ సమయం పెట్టారు. చదువులో వెనకబడినవారిలో ఈ తేడా మరింతగా కనిపించింది. తప్పు జరిగితే అది శిష్యుడి తప్పు కూడా కాబట్టి, తమ మనసు నొచ్చుకోకుండానే దాన్ని సరిదిద్దుకోగలిగారు.

ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చూస్తే, నేర్పు వచ్చాక పాత్ర దక్కడమే కాదు, పాత్ర దక్కాక నేర్పు రావడమూ ఉందని తెలుస్తుంది. శిష్యుడు అనే పేరు ఒక అనుమతి. తెలియకపోవడానికి, అడగడానికి, తప్పు చేయడానికి అనుమతి.

వర్క్‌షాపులో అంచు నుంచి నడిమికి

తాతకు ఈ అనుమతి చట్టమే ఇచ్చింది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందే వ్యక్తి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు విప్పి మరమ్మతు చేసి మళ్లీ పట్టాల మీదకు పంపుతారు. ఇలాంటి చోట కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి రోజే చక్రం అప్పగించరు. పనిముట్లు అందించడం, మడ్డి తుడవడం, సీనియర్ పక్కన నిలబడి చూడటం, ఇలా మొదలవుతుంది.

దీన్ని వెట్టిచాకిరీ అనుకోవచ్చు. కానీ జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో వెలువరించిన పుస్తకంలో దీని వెనకున్న తర్కాన్ని చూపారు. లేవ్ ఆఫ్రికాలోని లైబీరియాలో దర్జీల దగ్గర శిష్యులను గమనించారు. అక్కడ శిష్యుడు నేర్చుకునే క్రమం తలకిందులుగా ఉంటుంది. ముందు బొత్తాలు కుట్టడం, ఇస్త్రీ చేయడం. తర్వాత కుట్టు. అన్నిటికంటే చివర గుడ్డ కత్తిరించడం. ఇందులో రెండు లాభాలున్నాయి. బొత్తం తప్పుగా కుడితే విప్పి మళ్లీ కుట్టవచ్చు, కత్తెర తప్పితే గుడ్డే పాడవుతుంది. పైగా, పూర్తయిన చొక్కాను రోజూ చేత్తో పట్టుకున్నవాడికి కత్తెర దాకా వచ్చేసరికి దాని రూపం కంఠతా వచ్చేసి ఉంటుంది. నేర్చుకోవడమంటే తలలో సమాచారం నింపుకోవడం కాదనీ, ఒక బృందం అంచున చోటు సంపాదించి క్రమంగా నడిమికి చేరడమనీ లేవ్, వెంగర్ అంటారు.

చక్రం చెప్పే మాట

పుస్తకం చదివితే రాని విద్యకు రైల్వేలోనే మంచి ఉదాహరణ ఉంది. బండి ఆగినప్పుడు సుత్తితో చక్రాలను కొట్టుకుంటూ వెళ్లే మనిషిని పాత తరం వారు చూసే ఉంటారు. చక్రం బాగుంటే గంటలా ఖంగుమంటుంది. పగులుంటే మొద్దుగా మోగి ఆగిపోతుంది.

కారణం భౌతికశాస్త్రంలో ఉంది. సుత్తి దెబ్బకు చక్రం కంపిస్తుంది. గట్టి ఉక్కులో లోపలి ఘర్షణ చాలా తక్కువ కాబట్టి ఆ కంపనం నెమ్మదిగా తగ్గుతూ చాలాసేపు వినిపిస్తుంది. పగులు ఉంటే దాని రెండు ముఖాలూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. కంపన శక్తి వేడిగా మారిపోయి మోత త్వరగా చచ్చిపోతుంది. పగులు వల్ల బిగువు తగ్గి శ్రుతి కూడా కాస్త దిగుతుంది. ఒక వస్తువు ఎంతసేపు మోగుతుందో చెప్పే కొలతను భౌతికశాస్త్రంలో క్యూ విలువ అంటారు. మోత ఎక్కువసేపు నిలిస్తే క్యూ ఎక్కువ.

సూత్రం ఇంతే, ఎవరైనా చదివి అర్థం చేసుకోవచ్చు. కానీ చుట్టూ వర్క్‌షాపు రొదలో, ఈ చక్రం మోత సరైనదా కాదా అని తేల్చడం సూత్రంతో అయ్యే పని కాదు. మంచి చక్రాల మోత వందలసార్లు విన్న చెవికి చెడ్డది వెంటనే తేడాగా తగులుతుంది. ఎలా తెలిసిందని అడిగితే ఆ మనిషి పూర్తిగా చెప్పలేడు. మనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేమని గుర్తించి, ఇలాంటి జ్ఞానం గురించి లోతుగా రాసినవాడు మైకేల్ పొలానీ. మొదట ఆయన రసాయన శాస్త్రవేత్త, తర్వాత తత్వవేత్త.

ఇది చేతిపనులకే పరిమితం కాదు. 1970ల్లో హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త బ్రిటన్‌లోని ప్రయోగశాలలు టీఈఏ అనే కొత్తరకం లేజర్‌ను ఎలా తయారు చేసుకుంటున్నాయో పరిశీలించారు. కేవలం ప్రచురితమైన వ్యాసాలు చదివి పనిచేసే లేజర్‌ను కట్టిన ప్రయోగశాల ఆయనకు ఒక్కటీ కనిపించలేదు. కట్టగలిగినవారందరికీ అప్పటికే కట్టినవారితో పరిచయం ఉంది.

ఇంకో ఉదాహరణలో క్యూ విలువే కథానాయకుడు. నీలమణి స్ఫటికానికి చాలా ఎక్కువ క్యూ ఉందని మాస్కోలోని బృందం కొలిచింది. గురుత్వ తరంగాలను పట్టే యంత్రాల అద్దాలకు అలాంటి పదార్థం ఉపయోగపడుతుందని పాశ్చాత్య శాస్త్రవేత్తలూ ప్రయత్నించారు. దాదాపు 20 ఏళ్ల పాటు ఆ విలువ వారికి దొరకలేదు. చివరికి గ్లాస్గో శాస్త్రవేత్తలు మాస్కో వారితో కలిసి పనిచేశాకే దొరికింది. స్ఫటికాన్ని వేలాడదీసే దారానికి ఎంత జిడ్డు పట్టించాలన్నది కూడా అందులో ఒక చిన్న కిటుకు. ఒక్కోసారి ముక్కు పక్కనో, చెవి వెనకో ఉండే చర్మపు జిడ్డునే వాడేవారు. వ్యాసంలో రాయాలని ఎవరికీ తోచని విషయాలు పక్కన నిలబడి చూసినవారికి తెలిశాయి. సుత్తి పట్టిన మనిషి పక్కన నిలబడిన అప్రెంటిస్‌కూ అంతే.

ఆటకూ పనికీ తేడా

ఆటలోనూ, వర్క్‌షాపులోనూ శిష్యుడికి అంచున చోటు, తప్పు చేసే అనుమతి, ముందున్నవారి తోడు దొరుకుతాయి. మరి ఆటలో లేనిదేమిటి? ఎదురుతిరిగి జవాబు చెప్పే వస్తువు. ఆటలో గురువు సరే అంటే సరే. వర్క్‌షాపులో గురువు సరే అన్నా, చక్రంలో పగులుంటే ఉన్నట్టే. ఇనుముకు హోదాతో పని లేదు. గురువునూ, శిష్యుడినీ ఇద్దరినీ అదే పరీక్షిస్తుంది.

అందువల్ల ఆట నిరర్థకం అనుకోనక్కర్లేదు. ఓర్పుగా వినడం, అడగడం, మరొకరికి అర్థమయ్యేలా చెప్పడం అక్కడ అలవాటవుతాయి. మనవరాలి విషయంలోనైతే ప్రతి రాత్రీ కాసేపు శ్రద్ధగా రాయడం కూడా. ఆటకు జవాబు చెప్పే వస్తువును జోడిస్తే అది శిక్షణ అవుతుంది. రైలు నడిపే లోకో పైలట్లకు సిమ్యులేటర్ మీద ఇచ్చే తర్ఫీదు అలాంటిదే. బండి నిజం కాదు, కానీ బ్రేకు ఆలస్యంగా వేస్తే తెర మీది బండి సిగ్నల్ దాటేస్తుంది.

ఇక్కడే ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. చక్రాల లోపాలు కనిపెట్టే పనిని ఇప్పుడు అల్ట్రాసోనిక్ పరీక్షలు, పట్టాల పక్కన అమర్చే సెన్సార్లు చాలావరకు చేస్తున్నాయి. మనిషి చెవికి అందని లోపాలను అవి పట్టుకుంటాయి, కాబట్టి ఈ మార్పు మంచిదే. కానీ ఏ యంత్రానికైనా 'ఇది మంచి మోత, ఇది చెడ్డ మోత' అని మొదట ఎవరో నేర్పాలి. అది అనుమానాస్పదమైన హెచ్చరిక ఇచ్చినప్పుడు నిజమో కాదో ఎవరో తేల్చాలి. ఆ నేర్పు ఉన్నవారు పక్కన శిష్యులు లేకుండా పదవీ విరమణ చేస్తే, వారితోపాటు వెళ్లిపోయేది ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. పోయిందని వెంటనే తెలియదు కూడా.

మళ్లీ ఆ ఇంటికే వెళ్దాం. చెడ్డ చక్రం ఎలా మోగుతుందని మనవరాలు అడిగితే తాత మాటల్లో చెప్పలేకపోవచ్చు. అయితే కుండలు కొనేటప్పుడు మన ఇళ్లలో చేసే పనే ఆయనా చేయవచ్చు. బాగున్న కుండ ఒకటి, సన్నని బీట పడిన కుండ ఒకటి ఆమె ముందు పెట్టి, వేలితో కొట్టి చూడమనవచ్చు. మొదట రెండూ ఒకేలా వినిపిస్తాయేమో. పదిసార్లు కొట్టి చూశాక ఆమె చెవికే తేడా తెలుస్తుంది.