మొదటి కెమేరా కొనేముందు
(ఒక బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

కాలేజీలో చేరిన కొత్తలో వార్షికోత్సవానికి ఒక ఫొటోగ్రాఫరు వచ్చి, కెమేరా లెన్సు ఊడదీసి మరొకటి తగిలిస్తుంటే నోరు తెరుచుకుని చూసినవాళ్ళలో నేనొకణ్ణి. ఇప్పుడు అలాంటి కెమేరా నా దగ్గరా ఉంది. ఎలా ఎంచుకున్నాను, ఎక్కడ మోసపోయాను అన్నది చెబితే, తక్కువ డబ్బుతో కొనదలచిన మిత్రులకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

"ఫోను ఉండగా కెమేరా ఎందుకురా?" అని హాస్టల్లో చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. స్నేహితుల ఫొటోలకు, విహారయాత్రలకు ఫోను చాలు. అందుకోసమే అయితే ఇంట్లోవాళ్ళ చేత డబ్బు ఖర్చు పెట్టించవద్దు. ఫోను వల్ల కాని పని ఒకటి మీకు ఉంటేనే కెమేరా సంగతి ఆలోచించాలి.

నాకున్న పని ఇది. మాది మిరప వేసే కుటుంబం. 2021-22లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో మిరప తోటలను ఎలా తినేసిందో పల్లెల నుంచి వచ్చిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. మా చేనూ పోయింది. పూతలో చేరి రసం పీల్చే ఆ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. నాన్న పువ్వును అరచేతిలో దులిపి "ఇదిగో, ఈ నలుసులే" అని చూపించేవాడు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆయనకు కనిపించేది నలుసే. ఆ నలుసు ఏ పురుగో సరిగా తెలియకుండానే వరసగా మందులు కొట్టాడు. ఆ పురుగును ఆయనకు పెద్దదిగా చూపించాలని నా కోరిక.

పోయిన ఏడాది కాయలు అమ్మిన తరువాత నాన్న ఇరవై వేలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. "ఇంతకు మించి రూపాయి అడగొద్దు" అన్నాడు.

కెమేరా కాదు, మౌంటు కొంటున్నాం

లెన్సు మార్చగల కెమేరాకు ముందు భాగంలో లోహపు వలయం ఒకటి ఉంటుంది. లెన్సు తగులుకునేది దానికే. దీన్నే మౌంటు అంటారు. ట్రాక్టరు కొన్నవాడు దానికి ఏ గొర్రు, ఏ రోటవేటరు తగులుతాయో చూసుకున్నట్లే, కెమేరా కొనేవాడు ఆ మౌంటుకు ఏ లెన్సులు దొరుకుతాయో ముందు చూడాలి. కెమేరా నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. మంచి లెన్సు మాత్రం ముప్పై ఏళ్ళయినా పనిచేస్తుంది.

దీనికి రెండు ఉదాహరణలు చెబుతాను. కానన్ కంపెనీ 1987లో ఇ.ఎఫ్. అనే మౌంటు తెచ్చింది. ఆనాటి లెన్సు ఆ కంపెనీ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లకు తగులుతుంది. 2018లో వచ్చిన అద్దం లేని ఆర్.ఎఫ్. కెమేరాలకు కూడా మధ్యలో ఒక అడాప్టరు పెట్టి వాడవచ్చు. అదే కంపెనీ 2012లో ఇ.ఎఫ్.-ఎం. అనే మరో మౌంటు తెచ్చి, 2023 నాటికి ఆపేసింది. ఆ లెన్సులు కొత్త ఆర్.ఎఫ్. కెమేరాలకు పనికిరావు. అవి కొన్నవాళ్ళు పైమెట్టు ఎక్కాలంటే అన్నీ అమ్ముకుని మళ్ళీ మొదలుపెట్టవలసిందే. చవకగా కనిపించేదల్లా చవక కాదు.

నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959 నాటిది. కాని ఒక మెలిక ఉంది. వారి చవక రకాలైన డి 3000, డి 5000 వరసల కెమేరాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. లెన్సులోనే మోటారు ఉంటే సరి, లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. పాత లెన్సు చవకగా వచ్చిందని సంబరపడేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకొక లెక్క మౌంటు నుంచి సెన్సారు వరకు ఉండే దూరం. నికాన్ ఎఫ్‌కు ఇది 46.5 మి.మీ., కానన్ ఇ.ఎఫ్.కు 44 మి.మీ. వెనకటి ఎం 42 అనే మర లెన్సులకు 45.46 మి.మీ. కావాలి. కానన్ మీద మిగిలే మిల్లీమీటరున్నరలో ఒక ఉంగరం పడుతుంది, లెన్సు చక్కగా కూర్చుంటుంది. నికాన్ మీద ఆ జాగా లేదు. ఉంగరంలో అదనంగా గాజు పెడితే తప్ప దూరంగా ఉన్నవి ఫోకస్ కావు. నేను కానన్ ఎంచుకున్నది ఈ ఒక్క కారణానికే. దొరికింది సెకండ్‌హాండ్ 1200డి, 18-55 లెన్సుతో కలిపి పదమూడు వేలు.

పనిని బట్టి లెన్సు

1200డి సెన్సారు వెడల్పు 22.3 మి.మీ. అందులో అడ్డంగా 5184 చుక్కలు, అంటే మిల్లీమీటరుకు సుమారు 232. కెమేరాతో వచ్చే 18-55 లెన్సు దగ్గరగా పెట్టినా వస్తువును అసలు పరిమాణంలో మూడో వంతుగా మాత్రమే సెన్సారు మీద వేస్తుంది. అంటే మిల్లీమీటరు పురుగుకు దక్కేవి డెబ్బై, ఎనభై చుక్కలు. కాళ్ళు లెక్కపెట్టడానికి చాలవు.

మనం ఇంటర్‌లో చదివిన కటకాల పాఠం ఇక్కడ అక్కరకొస్తుంది. లెన్సును సెన్సారు నుంచి ముందుకు జరిపితే బింబం పెద్దదవుతుంది. ఎంత ముందుకు జరిపామో దాన్ని నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 58 మి.మీ. లెన్సును 58 మి.మీ. ముందుకు జరిపితే బింబం వస్తువంత ఉంటుంది. అలా జరపడానికి గాజు లేని ఉత్త గొట్టాలు దొరుకుతాయి. నా గొట్టాలు మూడూ కలిపి 49 మి.మీ.. మిగిలిన తొమ్మిదీ లెన్సు ఫోకస్ వలయం తిప్పితే దాదాపు వస్తుంది. అసలు మాక్రో లెన్సు కొనే స్తోమత లేనివాడికి ఇదే దారి.

ఇ.ఎఫ్. లెన్సులకు రంధ్రాన్ని కెమేరా విద్యుత్తుతో నడుపుతుంది. తీగలు లేని చవక గొట్టం మధ్యలో వస్తే ఆ అదుపు పోతుంది. అందుకే రంధ్రాన్ని చేత్తో తిప్పే వలయం ఉన్న పాత సోవియట్ లెన్సు, హీలియోస్ 44-2, కోసం వెతికాను. దాని ఎఫ్ సంఖ్య 2. 18-55 లెన్సుకు 55 దగ్గర 5.6. వెలుతురు ఈ సంఖ్యల వర్గాన్ని బట్టి మారుతుంది కనుక హీలియోస్ దాదాపు ఎనిమిది రెట్లు వెలుతురు ఇస్తుంది. చీకటి స్టేజి మీద నాటకం తీయాలన్నా ఇదే పనికొస్తుంది.

పళ్ళు చూడని ఎద్దు

ఇక నా తెలివితక్కువతనం. మొదటి హీలియోస్‌ను ఒక దుకాణంలో సాయంత్రం పూట, దీపాల వెలుగులో రెండున్నర వేలకు కొన్నాను. మర్నాడు తీసిన ఫొటోలన్నీ పొగమంచు పట్టినట్టున్నాయి. లెన్సు వెనకనుంచి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా బూజు! తిరిగి తీసుకెళితే "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. రెండున్నర వేలంటే మా ఇంట్లో తొమ్మిది బస్తాల యూరియా. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నాన్నకు ఫోనులో చెప్పనూ లేదు.

ఆ తరువాత నేర్చుకున్న పరీక్షలు ఇవి:

1. లెన్సు రెండు వైపులా టార్చి వేసి, ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులకు భయపడనక్కరలేదు. దారాల్లా ఉన్నది బూజు.

2. ఎఫ్ 22 పెట్టి తెల్లగోడను తీయండి. సెన్సారు మీది మరకలు నల్లచుక్కలుగా కనిపిస్తాయి.

3. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. నికాన్ అయితే ఫొటో ఫైలులోనే ఆ లెక్క ఉంటుంది. 1200డి లాంటి కానన్‌కు కేబులు పెట్టి కంప్యూటరులో చూడాలి.

4. బ్యాటరీ, కార్డు పెట్టి యాభై ఫొటోలైనా తీయండి. రసీదు మీద, కెమేరా మీద నంబరు ఒకటేనా చూసుకోండి.

5. కొన్న తరువాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి. మన కోస్తా ఉక్కలో తోలు సంచిలో పెడితే బూజును మేపినట్టే.

రెండో హీలియోస్‌ను పట్టపగలు, ఇవన్నీ చూసి మూడువేలకు కొన్నాను. ఉంగరం, గొట్టాలు కలిపి పదకొండు వందలు. మొత్తం పందొమ్మిది వేల ఆరువందలు. మిగిలిన దానితో డబ్బా, సిలికా జెల్.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళి మిరపపువ్వు కోసి, గాలి తగలకుండా వసారాలో ఎండ పడేచోట పెట్టాను. గొట్టాలు పెడితే సెన్సారుకు చేరే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఫోకస్‌లో ఉండే మందం కూడా మిల్లీమీటరులో కొద్ది భాగమే. నలభై తీస్తే మూడు కుదిరాయి. కెమేరా వెనక తెర మీద పెద్దదిచేసి నాన్నకు చూపించాను. కాళ్ళు, కొమ్ముల్లాంటి స్పర్శకాలు, ఈకల్లాంటి రెక్కలు. నాన్న చాలాసేపు చూశాడు.

"ఇదా మన చేను తిన్నది?" అన్నాడు. కాసేపాగి "మొత్తం ఎంతయింది?" అని అడిగాడు.

దాచలేకపోయాను. బూజు లెన్సు సంగతి కూడా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "పళ్ళు చూడకుండా ఎద్దును కొన్నావురా. నేనూ ఒకసారి కొన్నాలే" అని, మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఆ ఫొటోను మర్నాడు తనే పట్టుబట్టి రైతు సేవా కేంద్రంలో ఉండే సహాయకుడికి చూపించుకొచ్చాడు.

ఆ బూజు పట్టిన లెన్సు ఇంకా నా గదిలోనే ఉంది, వేరే డబ్బాలో. సెకండ్‌హాండ్ కెమేరా కొనబోతున్న మిత్రులు ఎవరైనా ముందు దాన్ని చూసి వెళ్ళవచ్చు. టార్చి లైటు కూడా నేనే ఇస్తాను.