బందరు ఉప్పెనయు, బూలు తర్కమును

మా తాతగారి తాతగారు బందరు ఉప్పెనలో పోయిరి. ఆయన ఆబ్దికము దీపావళికి ముందని మా పెదనాన్నగారి శాఖవారు, తరువాతనని మేము. ఈ తగవు మూడు తరములది. బెజవాడలోనున్న మా పినతండ్రి కుమారుడు, "ఇంత రభస యెందుకు అన్నయ్యా? ఇంటర్నెట్టులో వెదకరాదా?" అనెను.

వెదకితిని. "బందరు తుపాను" అని వ్రాయగా నిన్న మొన్నటి వాయుగుండములన్నియు వరుసగా వచ్చి కూర్చున్నవి. ఆంగ్లలిపిలో వ్రాయగా పారశీక దేశపు బందర్ అబ్బాస్ రేవు ప్రత్యక్షమయ్యెను! యంత్రమునకు మన ఊరి ముద్దుపేరు తెలియునా, పాపము?

అప్పుడు తమ్ముడు గుట్టు విప్పెను. విడిపోరాని మాటలను కొటేషను గుర్తుల నడుమ నుంచినచో అవి ఆ వరుసలోనే దొరకును. వలదనుకొన్న మాటకు ముందు, ఎడము విడువక, మైనస్ గుర్తు పెట్టినచో అది తొలగును. రెండింటిలో ఏదైనను చాలునన్నచో నడుమ "ఆర్" అని ఆంగ్లమున పెద్ద అక్షరములతో వ్రాయవలెను. ఈ కడపటిది మన సీమవారికి మిక్కిలి అవసరము. ఏలయన దొరల కాగితములలో మచిలీపట్టణము "మసూలిపటాం", కృష్ణ "కిస్ట్నా". 1883 నాటి మెకెంజీదొర జిల్లా మాన్యుయలు పేరులోనే కిస్ట్నా యున్నది. ఒక్క పేరుతో వెదకువానికి సగము చరిత్ర కనబడదు. మరి బెజవాడ అన్నచో గోపాలరెడ్డిగారును, విల్సన్‌గారును ఇంటిపేరు కారణముగా వచ్చి పలుకరింతురు. వారికి నమస్కరించి మైనస్ గుర్తు పెట్టవలసినదే.

ఈ "మరియు, లేక, కాదు"ల లెక్కకు మూలపురుషుడు జార్జి బూలు అను ఆంగ్ల గణితవేత్త. ఆలోచనా నియమములను గూర్చిన ఆయన గ్రంథము 1854లో వెలువడెను; మన కృష్ణ ఆనకట్ట 1855లో ముగిసెను. వానలో తడిసి, ఆ తడిబట్టలతోనే పాఠము చెప్పి, జబ్బుపడి, 1864 డిసెంబరు 8న ఆయన మరణించెను. ఉప్పెన వచ్చిన యేడే!

మసూలిపటాం, సైక్లోను, 1864 అని బిగించి వెదకగా తేదీ దొరకెను: నవంబరు 1, రాత్రి. పోయినవారు సుమారు 30,000 మంది. ఆ యేట అమావాస్య అక్టోబరు 30. కనుక ఉప్పెన వచ్చినది దీపావళి వెళ్లిన తరువాతనే, కార్తికమున. పెదనాన్నగారి శాఖకు వెంటనే జాబు వ్రాసితిని.

ఆయన పేరు మాత్రము ఎక్కడను చిక్కలేదు. మా యింటిపేరును నాలుగు విధముల వ్రాసి, నడుమ "ఆర్"లు గ్రుచ్చి చూచితిని. మన పాత పుస్తకములు పెక్కు ఇంటర్నెట్టులో కేవలము బొమ్మలుగా నున్నవి. అందలి అక్షరములను యంత్రము చదువలేనంతవరకు ఏ గుర్తును పనిచేయదు. అయిదవ విధమున వ్రాసి మరల వెదకుచున్నాను.